గా సారుకో దండం

మాటను ఒక భాషలోంచి మరొక భాషలోకి దాటించేవారికి ఆ మాట ఫలితంతో సంబంధం లేదని చాలామంది అభిప్రాయం. అన్నది ఒకరు, విన్నది మరొకరు. నడుమ నిలబడినవారు కిటికీ అద్దం వంటివారు; ఎంత కనిపించకుండా ఉంటే అంత మేలు. న్యాయస్థానాల్లోనూ ఆసుపత్రుల్లోనూ దేశదేశాల పండితులు కూర్చునే సభల్లోనూ ఈ అభిప్రాయం మీదే పని నడుస్తోంది. తనదంటూ ఏదీ చేర్చకపోవడమే అనువాదకుల నిజాయితీ అని శిక్షణ తరగతుల్లో బోధిస్తారు. శామీర్‌పేటకు చెందిన యమున ఆ బోధను శ్రద్ధగా విన్నది, నమ్మింది, కొన్నేళ్లు దాని మీద జీతం తీసుకున్నది. ఆ నమ్మకం మేడ్చల్‌లో ఒక ఆడమనిషి మెడకు ఎలా చుట్టుకున్నదో తెలిసినప్పుడు ఆ అభిప్రాయాన్ని ఇంకోసారి పరీక్షించవలసి వస్తుంది.

యమున తండ్రి గండయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి రాజీవ్ రహదారి పక్కన అమ్మేవాడు. కూతురు గురుకులంలో చదివి, హాస్టళ్లలో ఉండి మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసింది. ఆ చదువుకు చాలాకాలం ఉద్యోగం దొరకలేదు. చివరికి కొంపల్లిలో ఒక విల్లా అద్దెకు తీసుకుని నడుస్తున్న పరిశోధనా కేంద్రంలో క్షేత్ర పరిశోధకురాలిగా, అనువాదకురాలిగా చేరింది. నెదర్లాండ్స్, వియత్నాం, బ్రెజిల్, భారత్: నాలుగు దేశాల పరిశోధకులు కలిసి చేస్తున్న అధ్యయనమది. పనిచోట మనుషులు తమ పైవారితో ఎలా మెలగుతారు, ఎప్పుడు నోరు విప్పుతారు, ఎప్పుడు మూసుకుంటారు అన్నది దాని విషయం. యమున కార్మికులను కలిసి తెలుగులో మాట్లాడించాలి, ఆ మాటలను ఇంగ్లిష్‌లో రాయాలి. ఫ్యాక్టరీలు ఊరికే అనుమతి ఇవ్వలేదు. తమ ఫ్యాక్టరీలో పని ముగిశాక ఒక సారాంశ నివేదిక తమకు ఇవ్వాలన్నది ఒప్పందం. పేర్లు బయటపెట్టబోమన్నది కార్మికులకు ఇచ్చిన మాట.

సత్తమ్మను యమున మేడ్చల్‌లో, రైల్వే గేటు దాటాక ఉన్న ఆమె అద్దె గదిలో కలిసింది. సత్తమ్మ మందుల కంపెనీలో గోలీల పట్టీలను డబ్బాల్లో సర్దే పని చేసేది. నలభై దాటిన మనిషి. ఆ రోజు డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది, ముఖం కూడా కడుక్కోలేదు. అయినా ముందు టీ పెట్టింది.

యమున చేతిలోని కాగితంలో ఉన్న ప్రశ్న అడిగింది. "మీ సూపర్‌వైజర్‌తో మీకున్న సంబంధం గురించి చెప్పుండ్రి అక్కా."

"సంబంధమా?" సత్తమ్మ గ్లాసు కింద పెట్టి నవ్వింది. "మాకూ ఆయనకూ ఏం సంబంధం చెల్లె? పిల్లనిచ్చిండా, పిల్లను జేస్కున్నడా?"

"అట్ల కాదక్కా. ఆయన మీతోని ఎట్లుంటడు, మీరు ఆయనతోని ఎట్లుంటరు, గది."

నవ్వు పోయింది. "గా సారుకో దండం చెల్లె. గా గేటుకో దండం. ఇగ గా ముచ్చట అడగకు."

"గేటు కాడ ఏమైతది?"

"ఏమైతదా? పొద్దుమీకి డ్యూటీ దిగే యాల వొచ్చి నిలవడు, నీకే ఎరుకైతది."

కాగితంలో గేటు గురించి ప్రశ్న లేదు. తరువాతి ప్రశ్న పండుగ సెలవుల గురించి. యమున అది అడిగింది.

తెలుగు తెలిసినవారికి ఇక్కడ వివరణ అక్కరలేదు, కాని ఈ కథలో తెలుగు తెలిసినవారే తెలియనట్టు నడుచుకున్నారు కనుక చెప్పవలసి వస్తోంది. సారుకు దండం అంటే వందనం. సారుకో దండం అంటే ఆ మనిషిని ఇక భరించలేమని చేతులు దులుపుకోవడం. నడుమ ఉన్నది ఒక్క అచ్చు. 'ఓ' చేరగానే జోడించిన చేతులు తోసేసే చేతులవుతాయి. ఏ నిఘంటువులోనూ ఈ సంగతి పెద్దగా కనిపించదు. వాకిట్లో, వంటింట్లో, బస్సులో, ఆఫీసులో రోజూ వినిపిస్తుంది. అర్థం పదంలో లేదు, గొంతులో ఉంది. ఆ గొంతుకు ఎదురుగా, చేతికందేంత దూరంలో యమున కూర్చున్నది.

కొంపల్లిలో ఆమె ముందు నియమం ఉంది. పదానికి పదం రాయాలి, వ్యాఖ్య చేర్చకూడదు, అర్థం చెప్పడం విశ్లేషకుల పని. నాలుగు భాషల మాటలను ఒకే కొలతతో చూడాలంటే అనువాదకులు తమ ఊహలు కలపకూడదన్నది ఆ నియమం వెనుక ఉన్న వాదన. యమున చెయ్యి కీబోర్డు మీద ఆగింది. ఆమెకు అర్థం తెలియక కాదు. తెలిసినదాన్ని రాయకూడదన్న నియమం గుర్తుండి. 'ఆ సారుకు ఒక నమస్కారం, ఆ గేటుకు ఒక నమస్కారం' అని ఇంగ్లిష్‌లో రాసి, తరువాతి వాక్యానికి వెళ్లింది.

ఆ ఇంగ్లిష్‌ను సరిచూడటానికి మరో నగరంలో ఉన్న, సత్తమ్మను ఎన్నడూ చూడని మరో మనిషి తిరిగి తెలుగులోకి మార్చాడు. అందులోనూ నమస్కారమే వచ్చింది. రెండూ సరిపోయాయి కనుక అనువాదం నమ్మదగినదని తేలింది. దాన్ని చదివిన విశ్లేషకులు 'పైవారి పట్ల పూజ్యభావం' అనే ఖానాలో వేశారు. ఆ ఖానా నిండింది. నిండిన ఖానాను చూసి ఒక సిద్ధాంతం పుట్టింది. ఈ ప్రాంతపు కార్మికులు అధికారిలో పెద్దదిక్కును చూస్తారట, వారి మౌనం భయం వల్ల కాక గౌరవం వల్ల కలిగినదట. అర్థం తెలిసినవారు రాయరాదు, రాసేవారికి అర్థం తెలియదు. ఈ ఏర్పాటుకు శాస్త్రీయత అని పేరు పెట్టుకుని నాలుగు దేశాలవారు ఒకరినొకరు అభినందించుకున్నారు.

ఒప్పందం ప్రకారం సారాంశ నివేదిక కంపెనీకి చేరింది. కంపెనీవారు అందులోని ఒక వాక్యాన్ని తెలుగు చేయించి, జోడించిన చేతుల బొమ్మతో పెద్ద బోర్డు అచ్చు వేయించి గేటు పక్కన కట్టారు. 'మా సూపర్‌వైజర్ గారికి నేను నమస్కరిస్తున్నాను. మా సంస్థ ద్వారానికి నేను నమస్కరిస్తున్నాను. ప్యాకింగ్ విభాగపు సోదరి, వయసు నలభై పైన.'

ఆ ద్వారం దగ్గర జరుగుతున్నదేమిటంటే, డ్యూటీ దిగి వెళ్లే ఆడవారిని గోలీలు దొంగిలించారేమోనని వెతకడం. వెతికేది ఆడమనిషే. కాని గదిలో కాదు, తెర వెనుక కాదు; లారీ డ్రైవర్లూ లోడింగు కూలీలూ చూస్తుండగా ఆరుబయట. సూపర్‌వైజర్ జనార్ధన్ కుర్చీ వేసుకుని కూర్చుని, కొంగు తియ్యి, ఇంకా తియ్యి అని చెప్పేవాడు. సత్తమ్మ అతనికి నోటితో చెప్పి చూసింది. పై ఆఫీసులో చెప్పి చూసింది. చివరికి ప్యాకింగ్‌లో పనిచేసే కొందరు పడుచు పిల్లలను కూడగట్టి, కంపెనీలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి సంతకాలతో ఫిర్యాదు ఇచ్చింది. మౌనం గౌరవమని నాలుగు దేశాలు తేల్చుకుంటున్న రోజుల్లోనే ఆమె నోరు విప్పింది. ఆ నోటికి అడ్డంగా వాళ్లు నిలబెట్టింది ఆమె సొంత వాక్యాన్నే.

కమిటీ మొదటి విచారణ జరిగిన వారంలోనే, ఒక ఆదివారం సత్తమ్మ శామీర్‌పేటలో యమున ఇంటికి వచ్చింది. గండయ్య వాకిట్లో వల ఆరవేస్తున్నాడు. కూర్చోమని పీట వేశాడు. ఆమె కూర్చోలేదు. ఫోన్‌లో బోర్డు ఫొటో తీసి యమున ముఖం ముందు పెట్టింది.

"సదువు చెల్లె. నీకు మస్తు సదువొస్తది గదా. గట్టిగ సదువు."

యమున చూసింది.

"నేను సదువుత పట్టు. నేను గూడ ఏడు దాక సదివిన." సత్తమ్మ బడిపిల్లలా గొంతెత్తి మొత్తం చదివింది. "గారట! జనార్ధన్ గారట! కట్టుకున్నోన్ని గూడ గారు అనలే నేను ఒక్కనాడు."

గండయ్యకు నవ్వు వచ్చింది. సత్తమ్మ ముఖం చూసి వల వైపు తిరిగాడు.

"తిట్టిన చెల్లె నేను. నువ్వు మొక్కిచ్చినవ్."

"అక్కా, నువ్వు అన్నది అన్నట్టే రాసిన. మాకు రూలు గట్ల..."

"అన్నది అన్నట్టు రాస్తే గిట్లొస్తదా? నా ముంగటనే కూసున్నవ్ గదా. నేను పెట్టిన సాయ తాగినవ్ గదా. నా గొంతు నీకు ఇనవడలేదా?"

"ఇనవడ్డది."

"మరి?"

జవాబు కోసం ఆగకుండా సత్తమ్మ విచారణలో జరిగింది చెప్పింది. కంపెనీ తరఫు మనిషి నివేదిక తీసి కమిటీ ముందు పెట్టాడు. "ప్యాకింగుల నలభై దాటినదానివి నువ్వొక్కదానివే గదా సత్తమ్మా, విదేశపోళ్లకు గట్ల చెప్పి మాకు గిట్ల చెప్తవా" అన్నాడు. ఆమె కాదు అనలేదు, ఔను అనలేదు, ఎందుకంటే ఆ మాటలు తనవే, తనవి కావు.

"నా ఎంబడి సంతకం వెట్టిన పిల్లలు నా దిక్కు సూసిండ్రు చెల్లె. నేను కంపెనీకి అమ్ముడువోయిన అనుకున్నరు. జనార్ధన్ తిడితే పడ్డ. గీ సూపు పడలేను." ఆమె ఫోన్ కొంగులో చుట్టుకున్నది. "గురువారం మల్ల పిలిచిండ్రు. ఫిర్యాదు అబద్ధమని రాస్తే నౌకరి పోతది, నాదే గాదు, గా పిల్లలది గూడ. నన్ను నమ్మి సంతకం జేసిండ్రు గాళ్లు. నిన్ను సాక్షి అని రాయిస్త. వొచ్చి చెప్పు."

"పేరు బయటపెట్టనని నీకు మాటిచ్చిన అక్కా."

"గా మాట ఎవరికిచ్చినవ్? నాకు. నేనే వాపస్ ఇస్తున్న. తీస్కో."

మరునాడు యమున కొంపల్లి వెళ్లి కేంద్రం అధిపతి డాక్టర్ మాధవీలతను కలిసింది. మాధవీలతది బౌరంపేటలో భూములున్న కుటుంబం. ఆ భూములు ఇప్పుడు ప్రహరీలు కట్టిన కాలనీలు. ఆమె నెదర్లాండ్స్‌లో డాక్టరేటు చేసి తిరిగివచ్చి, ఈ అధ్యయనంలో భారతదేశపు భాగాన్ని తన చేతికి తెచ్చుకున్నది. కష్టపడి పనిచేస్తుంది, ఎవరినీ తిట్టదు.

యమున చెప్పిందంతా విని ఆమె కళ్లద్దాలు తీసింది. "సారుకో దండమా? అయ్యో! మా అవ్వ రోజంతా అదే అనేది. పాలోనికో దండం, కరెంటోనికో దండం, మా తాతకో దండం."

"మరి మీరు చూడలేదా మేడమ్?"

"నేను ఇంగ్లిష్ ఫైలే చదివిన యమునా."

అధ్యయనంలో సంతకం చేసే అధికారం ఉన్నవారిలో తెలుగు పుట్టుకతో వచ్చినది ఆమె ఒక్కతే. ఆమె ఇంటికి కొద్ది మైళ్ల దూరంలో బతుకుతున్న ఒక తెలుగు మనిషి మాటను ఆమె ఇంగ్లిష్‌లో చదివింది, ఇంగ్లిష్‌లో అర్థం చేసుకున్నది, ఇంగ్లిష్‌లో మెచ్చుకున్నది. తెలుగు ఫైలు అదే యంత్రంలో, ఆ పక్కనే ఉంది. దీన్ని పొరపాటు అనడం సులభం. అవ్వ నోట వింటే నవ్వు తెప్పించే మాట కార్మికురాలి నోట వచ్చేసరికి సమాచారం అవుతుందన్న అలవాటు దాని కింద ఉంది. ఆ అలవాటును పొరపాటు అని పిలవడం అన్యాయం.

"వచ్చే ప్రతిలో సరిచేద్దాం. అడుగున ఒక వివరణ పెడదాం" అన్నది మాధవీలత.

"గురువారం విచారణ ఉంది మేడమ్. నన్ను సాక్షిగ పిలుస్తున్నరు."

"పోవద్దు." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు పోయి నిలబడితే ఆ వాక్యం ఆమెదే అని మనమే ఒప్పుకున్నట్టు. ఇప్పటిదాక వాళ్లది అనుమానమే. రేపు ఇంకో కార్మికురాలు మనల్ని నమ్మి నోరు తెరుస్తదా? జీడిమెట్లలో ఒక్క ఫ్యాక్టరీ మనకు తలుపు తీస్తదా? ఒక్క మనిషి కోసం రేపటి వందమందిని బలిపెడతవా?"

ఈ వాదన తీసిపారేయదగినది కాదు. రహస్యమన్నది ఒక మనిషితో చేసుకున్న ఒడంబడికే కాదు, రాబోయే వారందరికీ ఇచ్చిన హామీ కూడా. అయితే హామీ ఎవరి రక్షణకు పుట్టిందో వారే నాకు వద్దన్న తరువాత కూడా అది నిలిచి ఉందంటే, అది మరెవరినో రక్షిస్తోందని అర్థం. బోర్డు మీద వయసూ విభాగమూ అచ్చువేసిన రోజున ఎవరికీ గుర్తురాని రహస్యం, ఆమె తరఫున ఒక మాట చెప్పవలసిన రోజున అందరికీ గుర్తువచ్చింది.

యమున పట్టుబట్టడంతో మంగళవారం నాలుగు దేశాల వీడియో సమావేశంలో ఈ విషయం పెట్టారు. నెదర్లాండ్స్ నుంచి అధ్యయనానికి నాయకత్వం వహిస్తున్న ప్రొఫెసర్ మరైకె శ్రద్ధగా విన్నది. ఆమె కళ్లు మెరిశాయి. ఇది అద్భుతమైన విషయమన్నది. వందనం రూపంలో ధిక్కారం. దీని మీద వేరే వ్యాసం రాయాలి, అందులో యమున పేరు సహరచయితగా ఉండాలి. ఆమె మాటల్లో వంచన లేదు. సత్తమ్మ అవమానం ఆమె చెవిన పడగానే వ్యాసాంశంగా మారిపోయింది, అంతే. ఆ మారడం ఎంత సహజంగా జరిగిందంటే ఆమెకే తెలియలేదు.

వియత్నాం నుంచి లిన్ అనే పరిశోధకురాలు మాత్రం, "మా భాషలోనూ ఇలాంటి మాటలున్నాయి. మేమూ వాటిని ఆ ఖానాలోనే వేసి ఉంటాం. నేను ఈ రాత్రే అసలు రికార్డులు మళ్లీ వింటాను" అన్నది. ఆ సమావేశంలో ఎవరైనా పనికివచ్చే మాట అన్నారంటే అదొక్కటే.

యమున అలాంటి సమావేశాల్లో ఎప్పుడూ మూలన కూర్చుని వినేది. ఆ రోజు మైకు తీసుకుని ఇంగ్లిష్‌లో అన్నది: "వ్యాసం సంగతి తరువాత. ఆ స్త్రీ ఉద్యోగం గురువారం పోతుంది. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నామని కంపెనీకి ఒక మెయిల్ పంపండి."

సవరణలను పరిశోధన తీరును పర్యవేక్షించే నైతిక విలువల సంఘం ఆమోదించాలనీ, అది వచ్చే త్రైమాసికంలో కూర్చుంటుందనీ మరైకె విచారంగా చెప్పింది. అంతవరకు ఎవరూ కంపెనీతో మాట్లాడవద్దని కోరింది.

"గురువారం మీ దేశంలో కూడా వస్తుంది కదా, ప్రొఫెసర్?" అన్నది యమున. "వచ్చినప్పుడు మీరేం చేస్తారు?"

మాధవీలత చెయ్యి చాచి మైకు ఆపేసింది. తెర మీద యమున పెదవులు కదులుతూనే ఉన్నాయి. పనిచోట మనుషులు ఎప్పుడు నోరు విప్పుతారు, ఎప్పుడు మూసుకుంటారు అని నాలుగు దేశాల్లో ఏళ్ల తరబడి ప్రశ్నలు వేసినవారెవరూ, ఆ ఆగిన గొంతు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. తరువాతి అంశానికి వెళ్లారు.

బుధవారం ఇంట్లో గండయ్య కూతురి మీద కోప్పడ్డాడు. అతనికి కూతురి ధర్మసంకటం అర్థం కాలేదనుకోవడం తప్పు. అర్థమైంది కనుకనే భయపడ్డాడు.

"గీ నౌకరి కోసం ఎన్ని ఆఫీసుల సుట్టు తిరిగినవో మర్సినవా? నువ్వేం లంచం దిన్నవా, దొంగతనం జేసినవా? రాయమన్నది రాసినవ్. గాళ్లు గాళ్లు సూస్కుంటరు. నువ్వెందుకు నడుమ వోవుడు?"

"నడుమ ఉన్నదాన్ని నేనే గదా నాయినా."

"నౌకరి పోతే ఏం జేస్తవ్? నాతోని చేపలమ్ముతవా?"

"అమ్ముత."

"నీకు చేప తోముడే రాదు. అమ్ముతదట!" అతను వల విసిరేసి బయటికి పోయాడు. కాస్సేపటికి మళ్లీ వచ్చి, అన్నం తిన్నవా అని మాత్రం అడిగాడు.

రాజీనామా చేసి వెళ్లమని ఒక స్నేహితురాలు ఫోన్‌లో సలహా ఇచ్చింది. అప్పుడు ఒప్పందం ఉల్లంఘించిన నింద ఉండదు, సొంత మనిషిగా ఏమైనా చెప్పవచ్చు. యమున చాలాసేపు దాన్నే ఆలోచించింది. రాజీనామా గౌరవప్రదంగా కనిపించే తప్పించుకోవడం. రాజీనామా చేసిన యమున చెప్పే మాట, తెలుగు తెలిసిన ఎవరో ఒకరు చెప్పే మాట అవుతుంది. ఆ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాసిన చెయ్యి విచారణ గదిలో ఉండాలంటే అది ఉద్యోగంలో ఉన్న చెయ్యి కావాలి. ఆమె నాలుగు దేశాలవారికీ ఒక చిన్న మెయిల్ పంపింది: ఆ అనువాదం నాది, తప్పుడు అర్థం ఇచ్చేలా చేసింది నేను, రేపు ఈ అధ్యయనపు అనువాదకురాలిగానే వెళ్లి ఆ మాట చెబుతాను.

గురువారం విచారణ కంపెనీ మొదటి అంతస్తులో జరిగింది. కమిటీలో కంపెనీ ఉద్యోగులతో పాటు బయటి సభ్యురాలిగా పార్వతీదేవి అనే విశ్రాంత ఉపాధ్యాయిని ఉన్నది. ఒక పక్క జనార్ధన్, కంపెనీ తరఫు మనిషి. మరో పక్క సత్తమ్మ. సంతకాలు పెట్టిన పిల్లలు ఆమెకు కాస్త ఎడంగా, గోడవారగా కూర్చున్నారు. ఆ ఎడాన్ని యమున చూసింది.

పార్వతీదేవి అడిగింది: "దండం అంటే నమస్కారమే కదమ్మా? మీరూ అదే రాశారు."

"అదే రాసిన మేడమ్. రాయకూడనిది రాసిన." యమున ఆమెనే తిరిగి అడిగింది. "మీ ఇంటికి ఒకే చందా కోసం మళ్లమళ్ల వచ్చే మనిషి ఉన్నడనుకోండి. ఇచ్చినా పోడు, తిట్టినా పోడు. మీరేమంటరు?"

ఆమె ఆలోచించకుండానే అనేసింది: "నీకో దండం నాయనా, వెళ్లు అంటాను." అని ఆగిపోయింది.

గదిలో నవ్వు లేచింది. గోడవారనున్న పిల్లలు నవ్వారు. జనార్ధన్ కూడా నవ్వాడు. నవ్వాక ఆ దండం ఎవరికి పెట్టినదో గుర్తుకువచ్చి ముఖం ముడుచుకున్నాడు.

కంపెనీ తరఫు మనిషి లేచాడు. తెలివైనవాడు. "అప్పుడు ఒక అర్థం రాసిండ్రు, ఇప్పుడు ఇంకో అర్థం చెప్తున్నరు. మీరే తప్పు రాసిన అంటున్నరు. మరి మీ మాట ఎందుకు నమ్మాలె మేడమ్?"

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. యమునకు ఒళ్లు మండింది; ఆ మంటలో సగం అతని మీద, సగం తన మీద.

"నమ్మకండి. నన్ను అస్సలు నమ్మకండి. ఆమె మాటకు నేనెందుకు? కొంపల్లి ఎందుకు, నెదర్లాండ్స్ ఎందుకు? ఆమె గీడనే కూసున్నది. మీకూ తెలుగొస్తది, ఆమెకూ తెలుగొస్తది. ఏమన్నవని ఆమెను అడగండి. ఇప్పటిదాక అడిగిండ్రా ఎవరన్న?"

నిజానికి మొదటి విచారణలోనూ ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. వాక్యాన్ని చదివి వినిపించారు, అంతే.

పార్వతీదేవి కాగితం పక్కకు జరిపింది. "చెప్పమ్మా సత్తమ్మా. ఏమన్నావు?"

సత్తమ్మ లేచి నిలబడింది. ముందు జనార్ధన్ వైపు చూడలేదు, గోడవారనున్న పిల్లల వైపు చూసింది.

"గా సారుకో దండం అన్న మేడమ్. గా గేటుకో దండం అన్న. ఎందుకన్ననో చెప్పాల్నా? రోజు పొద్దుమీకి గా గేటు కాడ పది మంది మొగోళ్ల ముంగట మా కొంగులు తీయిస్తడు. ఈ పిల్ల పెండ్లి గాని పిల్ల. ఇంటికి వోయి అన్నం దినదు. నేను చెప్పిన, ఇనలే. పైన చెప్పిన, ఇనలే. గందుకే దండం అన్న. ఇంకా పెద్ద మాట అనాల్సింది. ఇంటికొచ్చిన ఆడివిల్ల ముంగట నోరు పాడు జేస్కోలేదు." అప్పుడు జనార్ధన్ వైపు తిరిగింది. "ఇప్పుడంటున్న, సారూ. నీకో దండం. గట్టిగ రాస్కో."

గోడవారనున్న పిల్లల్లో ఒకతె కుర్చీ లాక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నది. తక్కినవారూ జరిగారు.

కమిటీ ఆ వాక్యాన్ని ఫిర్యాదుకు వ్యతిరేకంగా పరిగణించరాదని రాసింది, ఫిర్యాదు నిజమని తేల్చింది. వెతకడం గదిలోకి, తలుపు వెనుకకు మారింది. బోర్డు తీసేశారు. సత్తమ్మ ఉద్యోగం, ఆ పిల్లల ఉద్యోగాలు నిలిచాయి. జనార్ధన్‌ను కంపెనీవారు వేరే యూనిట్‌కు పంపారు. అక్కడా ఆడవారు పనిచేస్తారు. దీన్ని న్యాయం అనవలసి వస్తే చాలా కుదించి అనాలి. యమునను కూడా పొగడనవసరం లేదు. ఆమె చేసింది మెచ్చదగినదే కాని, ఆలస్యంగా చేసింది. సత్తమ్మ గదిలో పండుగ సెలవుల ప్రశ్నకు బదులు గేటు గురించి ఇంకో ప్రశ్న వేసి ఉంటే ఈ కథ పుట్టేది కాదు.

పై వారం మాధవీలత ఆమె ముందు రెండు కాగితాలు ఉంచింది. ఒకటి ఆమె ఉద్యోగ ఒప్పందం పొడిగింపు. రెండోది, విచారణకు తాను వ్యక్తిగత హోదాలో వెళ్లాననీ, తన మాటలతో అధ్యయనానికి సంబంధం లేదనీ ఒప్పుకునే పత్రం. రెండో దాని మీద సంతకం చేస్తే మొదటిది అమలవుతుంది. మరైకె చెప్పిన కొత్త వ్యాసంలో ఆమె పేరు కూడా ఉంటుంది. "ఒక్క సంతకం యమునా. నీకోసమే అడిగి తెచ్చిన" అన్నది మాధవీలత. ఆ మాటా నిజమే.

యమున పత్రాన్ని పూర్తిగా చదివింది. తాను వ్యక్తిగత హోదాలో వెళ్లలేదనీ, అనువాదకురాలిగా వెళ్లాననీ, అబద్ధం మీద సంతకం చేయననీ చెప్పింది. కొత్త వ్యాసంలో తన పేరు వద్దన్నది. తన చేతి మీదుగా దాటిన మిగతా మాటలన్నిటికీ ఇంగ్లిష్ పక్కనే తెలుగు కూడా ఉంచమని అడిగింది. హామీ ఏదీ రాలేదు. ఆఫీసు తాళంచెవి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, అందినట్టు రాయించుకుని, మధ్యాహ్నం బస్సుకు శామీర్‌పేట వెళ్లిపోయింది.